ఉ పెట్టెలో ఒక చీటీ

నిఘంటువు ఆఫీసంటే నవ్వుతారు గానీ
తిరుపతి భవానీనగర్లో మేడమీద ఒక గది,
కిర్రుమనే ఫ్యాను,
చెప్పుల అట్టపెట్టెల్లో అక్షరాల వరసన చీటీలు.
ఉ పెట్టె నాది.
ఉడత, ఉడుకు, ఉత్తరేణి దాటి
మే నెల ఎండలో
ఉత్సాహం దగ్గర ఆగిపోయాను.

ఉత్ అంటే పైకి.
సహ అంటే ఓర్చుకోవడం.
తీరా విడదీస్తే
సహనానికి స్వయానా తోబుట్టువు ఈ మాట.
సాహసం వీళ్లిద్దరికీ తమ్ముడు, మొండివాడు.
నేనిన్నాళ్లూ ఎగిరే గాలిపటం అనుకున్నాను,
బరువు మోసే భుజం అనుకోలేదు.

ఇంగ్లీషు మాటకూ ఒక చీటీ రాసి పెట్టమన్నారు
శఠగోపం మాస్టారు.
ఎంథూజియాజం.
గ్రీకుల ఇంట పుట్టింది:
లోపల దేవుడున్న మనిషి స్థితి.
"మన పూనకమే కదండీ" అన్నాను.
ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.

ఇంగ్లండు చేరాక అది తిట్టయిందట,
దేవుడు నాతో మాట్లాడాడని
వీధుల్లో అరిచేవాళ్ల మీద విసిరే రాయి.
తర్వాత ఎవరు కడిగారో, ఎన్ని నీళ్లు పోశారో,
ఇవాళ మా మెట్ల పక్క గోడమీద
"ఉత్సాహవంతులైన సేల్స్ బాయ్స్ కావలెను,
సొంత బండి ఉండవలెను."
దేవుడు దిగిపోయి
బండి మిగిలింది.

ఆ పోస్టరు కిందే చెంగల్రాయుడి ఇస్త్రీ బల్ల.
మాట తక్కువ మనిషి.
కొండమీద డ్యూటీకి పొయ్యే క్యాంటీను పిల్లల చొక్కాలు,
సత్రం దుప్పట్లు, నా నేత చీరలు,
ఏడాది పొడుగునా ఆరు కిలోల ఇత్తడి పెట్టెతో
ఊరి ముడతలన్నీ ఓర్చుకుంటాడు.
"కాలరు మాడ్చినావే" అని ఎవరన్నా ఎగిరితే
తల దించి, మూత తెరిచి
బొగ్గుల్ని ఊదుతాడు. అంతే.

జాతర చాటింపు పడింది.
ఒక పొద్దున నేను వచ్చేసరికి
బల్లమీద గోనెపట్టా కప్పి ఉంది.
ఆ పెట్టెలో ఆరిన బొగ్గునే దంచి, నూనె కలిపి
ఒళ్లంతా పూసుకుని,
నెత్తిన వేపమండలు కట్టుకుని
తోటి వేషంలో నిలబడున్నాడు.
పళ్లూ కళ్లూ తప్ప తెలుపు లేదు.

పలక మోగింది.
ఏడాదంతా మింగినవన్నీ వడ్డీతో సహా బయటికొచ్చాయి,
సత్రం మేనేజరుకి, వార్డు కౌన్సిలరుకి,
నాకు కూడా ఒకటి,
ఇక్కడ రాయలేను, ఏ పెట్టెలోనూ పట్టదు.
జనం నవ్వుతూ చేతులు జోడించారు:
ఆ వారం గంగమ్మ ముందు తిట్టే దీవెన.
అక్కడ దేవుడి మాట తిట్టయిన సంగతి
అప్పుడు గుర్తొచ్చింది నాకు.
మాటలు కూడా వేషం కడతాయి కాబోలు.

ఉత్సాహమని మనకొక పద్యం కూడా ఉంది.
ఏడు సూర్యగణాలు, చివర ఒక గురువు.
అతని అడుగుల్లో లెక్కపెట్టబోయాను.
ఐదో గణం దగ్గర
గుంపు నన్ను గోడకేసి నెట్టేసింది.

జాతర దాటాక
అతని చెవుల వెనక ఇంకా నలుపుంది.
బొగ్గులు రాజేస్తున్నాడు.
"మొన్న నీ లోపలికి ఎవరొచ్చినారు చెంగల్రాయుడూ?"
విసనకర్ర ఆపకుండానే అన్నాడు:
"ఎవురొస్తారమ్మా. యాడ్నించో వచ్చేదేముండాది.
లోపలుండిందే
లేసింది."

గ్రీకులు వింటే ఏమనేవాళ్లో.
గబగబా మెట్లెక్కి అర్థం రాశాను,
కొట్టేశాను, మళ్లీ రాశాను.
ప్రయోగం అన్నచోట ఏ కావ్యమూ తోచలేదు.
చీర అందుకున్నప్పుడు అంటిన మసి
ఆ ఖాళీలో బొటనవేలి ముద్రై పడింది.

మాస్టారు చీటీని కిటికీ వెలుతురుకెత్తి
"ఇదేంటమ్మా, మరకా?" అన్నారు.
ఔననలేదు, కాదనలేదు.
ఊ పెట్టె ముందుకు లాక్కున్నాను.
చేతికి మొదట తగిలిన చీటీ:
ఊదు.